వద్దన్నాక లేవాలి

‘మావాడు తొమ్మిదో క్లాసుకే బండి నడిపేస్తున్నాడండీ’ అని పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ల కింద తల్లిదండ్రులు మురిసిపోతూ చెబుతుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 199ఏ అనే సెక్షన్ చేరింది. మైనరు బండి నడిపి పట్టుబడితే సంరక్షకుడినో, బండి యజమానినో దోషిగా చూస్తుంది. మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లకో పిల్లవాడికో 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ‘నాకు తెలియకుండా తీసుకెళ్లాడు’, ‘తీసుకెళ్లకుండా అన్ని జాగ్రత్తలూ పడ్డాను’ అంటే సరిపోదు, రుజువు చేసుకోవాలి. పదహారేళ్లకు స్కూటీ నడపొచ్చుగా అంటారు కొందరు. ఆ వయసుకు చట్టం ఒప్పుకునేది 50 సీసీ దాటని బండికే. మన ఇళ్లలో ఉన్న స్కూటర్లు చాలావరకు 110, 125 సీసీలవి.

ఇంత కఠినమైన చట్టం ఉన్నా తాళాలు పిల్లల చేతికి ఎందుకు వెళ్తున్నాయి? గారాబం కొంత కారణం. మన తీరిక లేనితనం అంతకన్నా పెద్ద కారణం. ట్యూషన్ నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నాన్న ఆఫీసు నుంచి రాడు, అమ్మకు వంట పని. పాలప్యాకెట్టుకని మొదలైన బండి ట్యూషన్‌కి, అక్కణ్నుంచి మెయిన్ రోడ్డుకి ఎక్కుతుంది.

మా అమ్మాయి కూడా అడుగుతుంది. ‘నాన్నా, లేటవుతోంది, ఈ ఒక్కసారికి ఇవ్వు’ అంటుంది. వద్దంటాను. ఆ వెంటనే చేతిలో పని పక్కన పెట్టి, చెప్పులేసుకుని, ఇద్దరికీ హెల్మెట్లు తీస్తాను. నాకు కుదరని రోజు బస్సెక్కిస్తాను, లేదంటే తెలిసిన ఆటో అతనికి ఫోన్ చేస్తాను. దారిలో సిగ్నల్ దగ్గర కొందరు తండ్రులు కనిపిస్తారు. అంతదాకా మోచేతికి వేలాడిన హెల్మెట్, పోలీసును చూడగానే తలకెక్కుతుంది. వెనక కూర్చున్న పిల్లలు అంతా గమనిస్తూనే ఉంటారు. రేపు వాళ్లూ పోలీసు ఉన్నచోటే హెల్మెట్ పెడతారు.

తిట్టడానికి నిమిషం చాలు. లేచి దింపిరావడానికి గంట పడుతుంది. పిల్లల క్రమశిక్షణకు పెద్దలు చెల్లించాల్సింది ఆ గంటే. వద్దన్న ప్రతిసారీ మరో దారి మనమే చూపించాలి. తల్లిదండ్రుల బాధ్యత అంటే నేను నమ్మేది ఇదే.