ల్యాప్‌టాప్ బ్యాటరీకి గేజి: ఒక నివేదిక పనితనం

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరికి ఎప్పుడూ రెండు లెక్కలు. మొదటిది అడుగుల్లో. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండో లెక్క క్యూసెక్కుల్లో. పైనుంచి ఎంత వస్తోంది, డెల్టా కాలువలకు ఎంత వదిలారు, సముద్రంలోకి ఎంత పోతోంది అన్నది ఆ లెక్క. వరద రోజుల్లో ఈ ఊరివాళ్లెవరూ ఈ రెంటినీ కలగాపులగం చెయ్యరు. మట్టం చూసి అంచనా కట్టొచ్చు గానీ, రాకపోకలు రాసుకుంటేనే లెక్క తేలుతుంది. ల్యాప్‌టాప్ తెర మూలన కనిపించే బ్యాటరీ శాతం వెనక నడిచేది కూడా ఈ రెండు లెక్కల వ్యవహారమే. ఆ వ్యవహారాన్ని విప్పి చూపించే పనిముట్టు ఒకటి విండోస్‌లోనే, పైసా ఖర్చు లేకుండా ఉంది. చాలామంది దాని మొహం కూడా చూసి ఉండరు. దగ్గరగా చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది.

శాతం ఎక్కడినుంచి వస్తుందో ముందు చూద్దాం. మామూలు లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు సుమారు 4.2 వోల్టులు ఉంటుంది. ఖాళీ అయ్యేసరికి 3 వోల్టుల దగ్గరికి దిగుతుంది. ఈ దిగడం ఒకే తీరుగా సాగితే వోల్టేజీ ఒక్కటీ చూసి శాతం చెప్పేయొచ్చు. కానీ అది మధ్యలో చాలాసేపు పెద్దగా కదలదు, చివర్లో ఒక్కసారి జారిపోతుంది. అందుకని బ్యాటరీ ప్యాక్ లోపలే ఒక చిప్, దాని పక్కన కొద్ది మిల్లీఓమ్‌ల నిరోధం పెడతారు. లోపలికొచ్చే కరెంటు, బయటికెళ్లే కరెంటు అంతా ఆ నిరోధం గుండానే నడవాలి. దాని రెండు కొసల మధ్య ఏర్పడే అతి చిన్న వోల్టేజీని కొలిచి, చిప్ కరెంటు ఎంతో తేల్చి, క్షణక్షణం కూడుతూ తీసేస్తూ పోతుంది. చిన్న చిన్న తేడాలు పోగుపడక తప్పదు గనుక, బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు వోల్టేజీతో పోల్చి తన లెక్కను సరిదిద్దుకుంటుంది.

చిప్‌కి తెలిసింది కంప్యూటర్‌కి చేరాలంటే ఇద్దరికీ ఒకే భాష కావాలి. 1990ల నడుమ ఇంటెల్, డ్యూరాసెల్ కలిసి స్మార్ట్ బ్యాటరీ ప్రమాణాలు రాశాయి. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ఒడంబడిక తెచ్చాయి. క్రమంగా దాదాపు ఏ కంపెనీ ల్యాప్‌టాప్ అయినా బ్యాటరీని అడిగే ప్రశ్నలు అవే. తయారైనప్పుడు నీలో ఎంత పట్టాలి? చివరిసారి నిండినప్పుడు ఎంత పట్టింది? ఇప్పుడెంత మిగిలింది? ఏ వేగంతో ఖర్చవుతోంది? బ్యాటరీ మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్లన్నీ ఈ జవాబుల మీదే బతుకుతాయి. జవాబులు అందరికీ ఒకటే అయినప్పుడు, వాటిని పేర్చే తీరులోనే పనివాడి ప్రతిభ బయటపడాలి.

విండోస్ 8 నుంచి ఉన్న ఆ పనిముట్టు పేరు బ్యాటరీ రిపోర్ట్. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని, ఒక ఖాళీ వదిలి, ‘స్లాష్ బ్యాటరీరిపోర్ట్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే క్షణాల్లో ఒక ఫైలు తయారవుతుంది. అది ఎక్కడ దాచిందో ఆ కిటికీలోనే చెబుతుంది. ఏ బ్రౌజర్లోనైనా, ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. రంగురంగుల ముళ్లు, ‘మీ బ్యాటరీ ఆరోగ్యం భేష్’ లాంటి మెచ్చుకోళ్లు, ప్రకటనలు ఏవీ ఉండవు. ఉన్నవి పట్టికలు, ఒక గ్రాఫు, అంతే.

బ్యాటరీ వివరాల మొదటి పట్టికలోనే అసలు సరుకుంది. డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి సామర్థ్యం. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిండితే పట్టేది. ఉదాహరణకు మొదటిది 42,000 మిల్లీవాట్ అవర్లు, రెండోది 31,500 అనుకోండి. తెర మూలన 100 శాతం అని కనిపించినా చేతిలో ఉన్నది కొత్తప్పటి ముప్పావు వంతే. ఆ భాగహారం నివేదిక చెయ్యదు. రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి పెట్టి ఊరుకుంటుంది. సామర్థ్యం ఎంత మిగిలితే మార్చాలన్నది మనిషి అవసరాన్ని బట్టి ఉంటుంది. ఆ తీర్పు మనకే వదిలేసింది.

దాని కిందే సైకిల్ కౌంట్ అని ఒక వరుస ఉంటుంది. బ్యాటరీ ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందో చెప్పే వరుస అది. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ అంకెను అందివ్వవు. అప్పుడు అక్కడ ఒక చిన్న అడ్డగీత కనిపిస్తుంది. సున్నా వేసి ఉంటే వాడకమే లేని కొత్త బ్యాటరీ అనుకుని మోసపోతాం. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే ఆ అడ్డగీతలో మంచి పనివాడి చెయ్యి కనిపిస్తుంది. లైనక్స్‌లో చాలా యంత్రాలు ఇదే చోట సున్నా చూపిస్తాయి. ఎరగనివాళ్లు బోల్తా పడేది అక్కడే.

నివేదిక చివరి పట్టిక మరీ తెలివైనది. ఒక్కో కాలానికి బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చిందో, మనం నిజంగా వాడిన తీరునుంచే లెక్కగట్టి రెండు గడుల్లో చూపిస్తుంది. ఒక గడి ఇప్పటి సామర్థ్యంతో, ఇంకోటి అదే వాడకానికి కొత్త బ్యాటరీ ఉండుంటే. మొదటి గడిలో 3 గంటలు, రెండో గడిలో 4 గంటలు ఉంటే బ్యాటరీ అరిగింది. మొదటిది 2 గంటలు, రెండోది 2 గంటల 6 నిమిషాలు అయితే బ్యాటరీ బాగానే ఉంది, పనే బరువైంది. అలాంటప్పుడు కొత్త బ్యాటరీకి డబ్బు పొయ్యడం దండగ. తెర వెలుగు తగ్గించాలి, వెనక నడిచే ప్రోగ్రాములు కట్టెయ్యాలి. తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఇంతకంటే పొదుపైన అమరిక నేనెక్కడా చూడలేదు.

మధ్యలో వచ్చే ‘ఇటీవలి వాడకం’ పట్టిక మన ఊళ్లలో ఇంకో పనికీ వస్తుంది. యంత్రం మేలుకున్న వేళ, నిద్రపోయిన వేళ, ఛార్జర్ మీదున్నదీ లేనిదీ అన్నీ టైముతో సహా రాసి ఉంటాయి. ఛార్జింగ్‌లో పెట్టి పనిచేస్తుండగా కరెంటు పోతే, ఏసీ (గోడ కరెంటు) అన్న చోట బ్యాటరీ అని పడుతుంది. తిరిగొస్తే మళ్లీ ఏసీ. గాలివానల కాలంలో ఇంటినుంచి పనిచేసేవాళ్లు ఈ పట్టిక చూసుకుంటే, కరెంటు లేనప్పుడు గంటకెంత ఖర్చయిందో మిల్లీవాట్ అవర్లలో తేలిపోతుంది. రాత్రి మూతేసి పెట్టిన యంత్రం తెల్లారేసరికి ఎంత తాగేసిందో కూడా ఇక్కడే పట్టుబడుతుంది.

మిగతా పనిముట్లలోనూ మెచ్చదగినవి ఉన్నాయి. లైనక్స్ పద్ధతి మరీ నిరాడంబరం. పవర్ సప్లై అనే ఫోల్డరులో ఒక్కో సంగతికి ఒక్కో చిన్న ఫైలు, ఫైలుకి ఒకే అంకె లేదా మాట. పదో తరగతి పిల్లవాడు కూడా వాటిని చదివి సొంత లెక్క రాసుకోగలడు. 2007లో ఇంటెల్ తరఫున అర్యన్ వాన్ డి వెన్ విడుదల చేసిన పవర్‌టాప్ మరో దారి పట్టింది. బ్యాటరీ లెక్కతో ఆగకుండా, ఖాళీగా ఉన్న ప్రాసెసర్‌ని ఏ ప్రోగ్రాము సెకనుకి ఎన్నిసార్లు లేపుతోందో పేరుపెట్టి చూపించింది. పేర్లు బయటపడేసరికి ఆ ప్రోగ్రాములు రాసినవాళ్లు దిద్దుకోవడం మొదలుపెట్టారు. ఆపిల్ కంపెనీ 2016 డిసెంబరులో ‘ఇంకా ఇన్ని గంటలు’ అనే అంచనాను మెనూలోంచి తీసేసి విమర్శలు మూటగట్టుకుంది. ఆ గంటల అంకె ఆ క్షణపు ఖర్చుని బట్టి గెంతే జోస్యం. కానీ జోస్యం నచ్చకపోతే దాని పక్కన గతం లెక్క పెట్టాలి గానీ ఎత్తెయ్యకూడదు. బ్యాటరీ రిపోర్ట్ చేసింది ఆ పనే.

దీనికీ హద్దులున్నాయి. చిప్ తన నిండు సామర్థ్యాన్ని ఎప్పటికప్పుడు నేర్చుకుంటుంది గనుక, సామర్థ్య చరిత్ర పట్టికలో వారాల తరబడి కదలని అంకె ఒక్కసారిగా మెట్టు దిగొచ్చు, ఒక్కోసారి కాస్త పైకీ ఎక్కొచ్చు. ఒక్క వారం చూసి కంగారు పడకూడదు, నెలల వాలు చూడాలి. నివేదికలో కనపడని సెల్ లోపలి నిరోధం పెరిగితే, 20 శాతం ఉండగానే యంత్రం ఆగిపోవచ్చు. ఇక బ్యాటరీ ఉబ్బడం ఏ సాఫ్ట్‌వేర్‌కీ కనపడదు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు రేకు ఉబికినా నివేదిక ఎంత బాగున్నా సరే వాడకం ఆపి రిపేరు షాపుకి తీసుకెళ్లాలి. రోహిణీ కార్తెలో రాజమండ్రి ఎండకి మూసిన కారులో ల్యాప్‌టాప్ వదిలేస్తే జరిగే నష్టం కూడా తర్వాతి నెలల అంకెల్లోనే తెలుస్తుంది. వేడి, ఎప్పుడూ నిండుగా ఉంచడం అనేవి లిథియం బ్యాటరీకి ఇద్దరు శత్రువులు. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం మీ యంత్రంలో ఉంటే పెట్టుకోండి.

కొలిచింది, నేర్చుకున్నది, ఊహించింది మూడూ విడివిడిగా చూపించి, తెలియని చోట గీత గీసే పనిముట్టు నమ్మదగినది. బ్యాటరీ రిపోర్ట్ ఆ పరీక్షలో నెగ్గింది. మూడు నెలలకోసారి ఆ ఫైలు తీసి తేదీ వేసి దాచుకోండి. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనబోతుంటే, బేరం మొదలుపెట్టకముందే అమ్మేవాడి ఎదుట ఈ కమాండ్ కొట్టించి మొదటి పట్టికలోని ఆ రెండు అంకెలు చూడండి. కొత్త బ్యాటరీ వేశామని ఎంత గట్టిగా చెప్పినా, ధర మాట ఆ తర్వాతే.