పాత పేపర్ల మధ్య ఒక మొక్క

వృక్షశాస్త్రంలో డిగ్రీ చేసినవాళ్లకి హెర్బేరియం అనగానే ప్రాక్టికల్ మార్కుల కోసం చివరి రాత్రి హడావుడిగా అతికించిన ఆకులే గుర్తొస్తాయి. నిజానికి అది పదహారో శతాబ్దంలో ఇటలీలో లూకా గీని తన శిష్యులకు నేర్పిన చేతిపని. పద్ధతి ఇప్పటికీ పెద్దగా మారలేదు.

కొమ్మ తుంచడంలోనే సగం నేర్పు ఉంది. ఉత్త ఆకులు పనికిరావు, పువ్వో కాయో ఉండి తీరాలి. చిన్న మొక్కైతే వేళ్లతో సహా పెకలించి మట్టి దులుపుతారు. పాత దినపత్రికల మధ్య పరిచేటప్పుడు ఒక ఆకునైనా వెనక్కి తిప్పుతారు, అడుగుభాగం కూడా కనబడాలి కదా. ప్రెస్‌లో బిగించాక మొదటి రోజుల్లో రోజూ కాగితాలు మార్చాలి. వానాకాలంలో బద్ధకిస్తే బూజు పట్టేస్తుంది. కండగల మొక్కలు మరీ మొండివి, ప్రెస్‌లో కూడా చావవు. వాటిని ముందే మరిగే నీళ్లలో ముంచి తీస్తారు.

ఎండితే పూల రంగు మారుతుంది, వాసన పోతుంది. కొమ్మ తుంచితే పాలు కారాయా, చెట్టు ఎంతెత్తు, ఎక్కడ, ఏ రోజు దొరికింది, ఇవన్నీ అక్కడికక్కడే ఫీల్డ్ బుక్‌లో రాసుకోవాలి. తర్వాత సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు ఉన్న అట్ట మీద అతికించి, చీటీ పెడతారు. నన్నడిగితే మొక్క కన్నా చీటీయే విలువైనది. ఊరూ తేదీ లేని కొమ్మ ఎంత అందంగా ఎండినా వట్టి గడ్డే.

ఇంత శ్రమ ఎందుకంటే, శాస్త్రీయ నామం ఆధారపడేది ఇలాంటి షీటు మీదే. మొక్కల పేర్లకు లినేయస్ 1753లో అచ్చువేసిన గ్రంథం మొదలు. ఇప్పుడు ఎవరైనా కొత్త జాతిని ప్రకటిస్తే, దానికి ఆధారమైన ఒక నమూనాను ‘టైప్’గా చూపించాలి. ఆ పేరు ఏ మొక్కదన్న వాదం వస్తే, పొలం తగాదాలో అసలు దస్తావేజు తీసినట్టు ఆ షీటునే తీస్తారు. 1943 మార్చిలో బెర్లిన్ హెర్బేరియం బాంబుదాడిలో కాలిపోయినప్పుడు లక్షల నమూనాలతో పాటు ఎన్నో టైపులూ బూడిదయ్యాయి. ఒకే మొక్క నుంచి నాలుగైదు కొమ్మలు తీసి వేర్వేరు సంస్థలకు పంపే అలవాటు విలువ అలాంటప్పుడే తెలుస్తుంది.

ఈ విద్యలో మన తీరానికీ వాటా ఉంది. లినేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన మిత్రుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉంటూ స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. 1795లో మొదలైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. రాక్స్‌బర్గ్ పెట్టిన కొన్ని పేర్లకు ఎండు నమూనా దొరకక, ఆ బొమ్మలనే టైపులుగా తీసుకున్నారు. గీసినవాళ్ల పేర్లు మాత్రం ఆ గ్రంథానికి ఎక్కలేదు. నాకు మింగుడుపడనిది అదే.

దాచినవాళ్లు ఊహించని ప్రశ్నలకూ ఈ షీట్లు జవాబిస్తున్నాయి. 1840లలో ఐర్లండ్‌ను కరువులోకి నెట్టిన బంగాళదుంప తెగులు ఆనవాళ్లు, పందొమ్మిదో శతాబ్దంలో ఎండబెట్టిన ఆకుల్లో మిగిలే ఉన్నాయి. వాటి నుంచి డీఎన్ఏ తీసి 2013లో పరిశోధకులు అసలు దోషిని పట్టుకున్నారు. అది అంతదాకా అనుమానించిన యూఎస్-1 రకం కాదు, దాని దగ్గరి చుట్టం. దానికి హెర్బేరియం పేరు కలిసొచ్చేలా హెర్బ్-1 అని పేరు పెట్టారు.