ఇంట కట్టుకొను సెల్ రౌటరు: గుణదోషములు

సెల్ టవరు తరంగములను గ్రహించి, ఇంటిలోని పరికరములకు ఇంటర్నెట్టును పంచి ఇచ్చు యంత్రమును సెల్ రౌటరు అందురు. దీనిని ఇంటనే నిర్మించుకొనవలెనను ఉత్సాహము నేటి విద్యార్థులలో కనబడుచున్నది. సిమ్ కార్డు గల మోడెము, రాస్ప్‌బెరీ పై వంటి చిన్న కంప్యూటరు, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను ఉచిత సాఫ్ట్‌వేరు, ఒక ఆంటెన్నా ఉన్న చాలును. ఆ సాఫ్ట్‌వేరు 2004లోను, ఆ కంప్యూటరు 2012లోను వెలువడుటచే ఈ పని సులభమైనది.

అయితే దీనిని బోధించువారు తరచుగా కంప్యూటరును గూర్చి విస్తరించి చెప్పి, ఆంటెన్నాను ఒక్క మాటతో సరిపుచ్చుదురు. ఇది పెద్ద లోపము. రౌటరు తరంగమును సృష్టింపదు, అందినదానిని పంచును. బావిలో నీరు లేనప్పుడు బంగారు చేద వేసిన ఫలమేమి?

కరీంనగరు పట్టణములో టవర్లు దగ్గరగా ఉండును. అచట తరచుగా ఫోనులోని హాట్‌స్పాటే చాలును. 2016లో నాలుగు జిల్లాలైన పూర్వపు ఆదిలాబాదు సంగతి వేరు. ఉట్నూరు, ఆసిఫాబాదు ప్రాంతములలో కొండలును అడవులును తరంగములకు అడ్డు తగులును. 2020లో బడులు మూతపడి పాఠములు టెలివిజనుకును ఫోనుకును మారినప్పుడు, తరంగము అందని ఇంటి పిల్లవానికి ఫోను పాఠము లేకపోయినది. ఈ యంత్రము అవసరమైనది ఇట్టి ఇంటికే.

కాని అచట కూడ నిర్మాణక్రమము ముఖ్యము. మోడెమును గదిలో ఉంచి, కప్పుమీది ఆంటెన్నాకు 10 మీటర్ల సన్నని కేబులు వేసినచో, 1800 మెగాహెర్ట్జులవద్ద సుమారు 7 డెసిబెళ్లు నష్టమగును. అనగా శక్తిలో ఐదింట నాలుగు వంతులు త్రోవలోనే పోవును. మోడెమునే కప్పుమీద ఉంచి, ఈథర్‌నెట్టు తీగను క్రిందికి దింపుట మేలు. ఆ తీగ 100 మీటర్ల వరకు పనిచేయును. మన వేసవి యెండకు మూసిన డబ్బా కాగిపోవును గనుక నీడయు గాలియు ఉండవలెను. మోడెము మన దేశపు 850, 1800, 2300 మెగాహెర్ట్జుల పట్టీలను గ్రహించునో లేదో కొనుటకు ముందే చూడవలెను. అనుమతి లేని సిగ్నల్ బూస్టరు మాత్రము చట్టవిరుద్ధము. అది ఇరుగుపొరుగు వారి సంభాషణలను చెరచును.

కావున డబ్బు వెచ్చించుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేయవలెను. ఫోనులో కనబడు సిగ్నల్ అంకెను గదిలోను, కప్పుమీదను వ్రాసికొనవలెను. గదిలో మైనస్ 115, కప్పుమీద మైనస్ 100 డిబిఎమ్ ఉన్నచో, అచట శక్తి సుమారు 30 రెట్లు అధికము, రౌటరు సార్థకము. కప్పుమీదను శూన్యమైనచో కావలసినది కొత్త టవరు గాని రౌటరు కాదు. లాగరిథముల పాఠమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము ఉపాధ్యాయునకు దొరకుట అరుదు.