0.7 దగ్గర కీలు

కొన్నాళ్లు పక్కన పెట్టిన ప్రోగ్రామ్‌ను మళ్లీ తెరిచినప్పుడే అందులోని పనితనం తెలిసొస్తుంది. జ్ఞాపకం సాయం రాదు, కోడ్ చెప్పిందే మనకు తెలిసింది. నేను మళ్లీ అందుకున్నది కిడ్నీల పనితీరును అంచనా వేసే ఈజీఎఫ్‌ఆర్ కాలిక్యులేటర్. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవి ఇస్తే వడపోత వేగాన్ని చెబుతుంది.

లోపల ఉన్నది సీకేడీ-ఈపీఐ సూత్రం. ముందుగా క్రియాటినిన్‌ను ఆడవాళ్లకైతే 0.7తో, మగవాళ్లకైతే 0.9తో భాగిస్తారు. వచ్చిన భాగఫలాన్ని రెండు చోట్ల వాడతారు. ఒకచోట దానికీ 1కీ మధ్య చిన్నదాన్ని, మరోచోట పెద్దదాన్ని తీసుకుంటారు. ఒక స్త్రీ క్రియాటినిన్ 0.7 కన్నా తక్కువుంటే రెండో పదం 1 అయి తప్పుకుంటుంది, మొదటిది −0.241 ఘాతంతో మెల్లగా వంగుతుంది. 0.7 దాటితే మొదటిది తప్పుకుని, రెండోది −1.200తో నిటారుగా దిగుతుంది. సరిగ్గా 0.7 దగ్గర రెండూ 1 కాబట్టి గీత ఎక్కడా తెగదు. తలుపు రెక్కలను కలిపే కీలు లాంటిదిది. ఎంత ముచ్చటైన అమరిక!

టెస్టుల ఫైలులో మొదటి పరీక్ష ఆ కీలు మీదే పెట్టారు: అరవయ్యేళ్ల స్త్రీ, క్రియాటినిన్ 0.7. ఇక మిగిలేది 142, 0.9938ని అరవైసార్లు గుణించిన విలువ, 1.012. వీటిని కాగితం మీద గుణించినా 99 వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు సూత్రం ఇక్కడే అర్థమైపోతుంది.

కొలమానాన్ని అంకెతో పాటే దాచారు. కొన్ని దేశాల ల్యాబులు మైక్రోమోల్స్‌లో 62 అని రాస్తాయి. 88.4తో భాగిస్తే అది మన 0.7. కొలమానం లేని అంకెను ఈ ప్రోగ్రామ్ అసలు తీసుకోదు.

ఇక సూత్రమే మారింది. 2009 నాటి దానిలో నల్లజాతివారి ఫలితాన్ని 1.159తో గుణించేవారు. 2021లో ఆ గుణకాన్ని తీసేసి, ఘాతాలనూ మిగతా గుణకాలనూ మళ్లీ కట్టారు. 0.7, 0.9 మాత్రం అలాగే ఉన్నాయి. అంకెలన్నీ ఒకే పట్టికలో, సంవత్సరం పేరుతో ఉన్నాయి కనుక నేను చేసింది కొత్త వరుస చేర్చడమే. జాతి గుణకం గడిలో 1 పెడితే చాలు, లెక్క చేసే కోడ్‌ను ముట్టుకోనక్కర్లేకపోయింది.

పాత గుణకం వర్తించని ఆ స్త్రీకే 2009 సూత్రం 94 ఇచ్చేది. కిడ్నీలో ఏ మార్పూ లేకుండానే అయిదు పెరిగినట్టు కనిపిస్తుందన్నమాట. ఇలాంటిది వస్తుందని ముందే ఊహించి, ప్రతి ఫలితం పక్కనా ఏ సూత్రంతో లెక్కించారో నమోదు చేశారు. అందుకే డాక్టరు చూసే గ్రాఫులో 2009 చుక్కలను 2021 చుక్కలతో గీత కలపదు.