స్పీకర్‌కు చోటు కుదిర్చే చేయి

రికార్డింగ్ స్టూడియోలో మానిటర్ స్పీకర్లను కుదురుగా అమర్చే మనిషిని మనసారా మెచ్చుకోవాలి. ఇంజనీరు చెవి నమ్ముకునేది ఆయన చేతినే.

ముందు కొలత టేపు తీస్తారు. రెండు స్పీకర్లు, వినేవారి తల కలిసి సమబాహు త్రిభుజం కావాలి. సన్నని స్వరాలు పలికే ట్వీటర్ చెవి ఎత్తుకు రావాలి. అసలు చిక్కు గోడతోనే. స్పీకర్ ముఖం తన వెనక గోడకు 85 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం 100 హెర్ట్జ్ దగ్గర బేస్‌ను మింగేస్తుంది. మరీ దగ్గరికి జరిపితే బేస్ ఉబ్బుతుంది. దాన్ని స్పీకర్ వెనకున్న స్విచ్‌తో తగ్గిస్తారు.

తర్వాత అద్దం. సహాయకుడు పక్క గోడ వెంట దాన్ని జరుపుతుంటే, ఈయన ఇంజనీరు కుర్చీలో కూర్చుని చూస్తారు. అద్దంలో స్పీకర్ కనబడిన చోట సుద్దతో గుర్తు పెడతారు. శబ్దాన్ని పీల్చుకునే ప్యానెల్ అక్కడే బిగిస్తారు. స్టాండు గొట్టాల్లో ఇసుక పోసి వాటి మోత అణచేస్తారు.

చివరికి ఒకే గొంతును మోనోలో వినిపిస్తారు. అది సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ నిలవాలి. నిలవకపోతే వేలెడంత జరిపి మళ్లీ వింటారు. ఆ ఓపిక వల్లే స్టూడియోలో కుదిరిన మిక్స్ కారులోనూ, ఇంట్లోనూ తడబడదు. పాటను మెచ్చుకునే నోటితో ఈ పనితనాన్నీ మెచ్చుకోవడం న్యాయం.