తలుపు తెరిచి ఉంచిన మేయరమ్మ (ముందుమాట)

ఫెలీసా రింకోన్ దె గౌతియేర్ పేరు మన పాఠకుల్లో చాలామందికి కొత్త. కరీబియన్ దీవి ప్యూర్టో రికోలో మాత్రం ‘దోన్యా ఫేలా’ అంటే తెలియనివారు అరుదు. 1946 నుంచి 22 ఏళ్లు రాజధాని సాన్ హువాన్‌కు మేయరు. అమెరికా ఖండాల్లో ఒక రాజధాని నగరానికి మేయరైన తొలి మహిళగా ఆమెను చెబుతారు. ఆమె కథను మన అమ్మాయి ఒకతె తెలుగులో రాసి, ముందుమాట కోసం రాతప్రతిని నా చేతికిచ్చింది. ఇలాంటి పుస్తకం నా జీవితకాలంలో చూడగలగడం నాకు పండుగే.

ఫెలీసా 1897లో సెయిబాలో పుట్టింది. అప్పటికి ఆ దీవి స్పెయిన్ ఏలుబడిలో ఉంది. మరుసటేడు అమెరికా చేతికి పోయింది. తండ్రి వకీలు. చిన్నతనంలోనే తల్లి పోవడంతో ఇంటికి పెద్దపిల్లగా తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సాకింది. చదువు వచ్చిన స్త్రీలకు 1929లో ఓటుహక్కు దక్కింది. తండ్రి వద్దన్నా ఊరుకోక, ఒప్పించి మరీ పేరు రాయించుకోవడానికి వెళ్లి, వరుసలో ఐదో మనిషిగా నిలబడింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది దుకాణం గురించిన అధ్యాయం. న్యూయార్క్‌లో కుట్టుపని చేసి, అక్కడి ఫ్యాషన్లు చూసి వచ్చి, సాన్ హువాన్‌లో ‘ఫెలీసాస్ స్టైల్ షాప్’ పెట్టింది. జీవితచరిత్రలు రాసేవాళ్లు ఇలాంటి సంగతులను ఒక్క పేరాలో దాటేసి ఎన్నికల్లోకి పరిగెడతారు. ఈ రచయిత్రి అక్కడే ఆగింది, మంచి పని చేసింది. గడపలోకి వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి ఏం కావాలో అడగడం ఆమెకు ఆ దుకాణంలోనే అలవాటైందని నా నమ్మకం. మేయరయ్యాక ప్రతి బుధవారం నగరసభ తలుపులు తెరిచి పేదలతో స్వయంగా మాట్లాడింది కూడా ఆ అలవాటుతోనే.

1938లో ప్యూర్టో రికో నాయకుడు లూయిస్ మున్యోజ్ మారిన్‌తో కలిసి పాపులర్ డెమోక్రాటిక్ పార్టీ నిర్మాణంలో పాలుపంచుకుంది. మేయరు పదవి మొదట తలుపు తట్టినప్పుడు ఇంట్లోవాళ్ల అభ్యంతరంతో వద్దంది. రెండోసారి వచ్చినప్పుడు ఎవరి మాటా వినలేదు. ఆ రెండు నిర్ణయాల మధ్య ఆమె మనసులో ఏం జరిగిందో రచయిత్రి ఊహలతో నింపకుండా వదిలేసింది. ఆ సంయమనం మెచ్చదగింది.

ఆమె పేరు చెప్పగానే అందరూ చెప్పే కథ మంచుది. 1950ల మొదట్లో, మంచు ఎరుగని దీవి పిల్లల కోసం ఉత్తర అమెరికా నుంచి విమానంలో మంచు తెప్పించింది. ముచ్చటైన కథే. ఆమె అసలు గొప్పదనం మాత్రం ‘ఎస్కుయేలాస్ మాతెర్నాలెస్’లో ఉంది. పనికి పోయే పేద తల్లుల బిడ్డల కోసం నడిపిన బడులవి. 1965లో అమెరికా దేశమంతటా పేద పిల్లల కోసం మొదలైన ‘హెడ్ స్టార్ట్’ పథకానికి ఇవి ప్రేరణ అయ్యాయని చెబుతారు. బడి పంతులు ఉద్యోగం చేయకపోయినా, ఆ బడుల వల్లే ఆమెను విద్యావేత్త అనడానికి నాకు సందేహం లేదు.

అయితే, మేయరుగా ఆమె బుధవారాల్లో పేదలకు చేసిన సాయంలో కృతజ్ఞత ఓటుగా మారే ప్రమాదం ఉంది. సాయం అందుకున్నవాళ్లు పార్టీకి కట్టుబడిపోతారన్న విమర్శను రచయిత్రి దాచలేదు. మలిముద్రణలో ఆ చర్చను ఇంకా పెంచాలని నా సలహా.

95 ఏళ్ల వయసులో, 1992లో, అమెరికా డెమోక్రాటిక్ పార్టీ జాతీయ మహాసభకు ప్రతినిధిగా వెళ్లింది ఆ తల్లి. 1994లో కన్నుమూసింది.

మన పట్టణాల్లో, పంచాయతీల్లో గెలిచి కూర్చున్న ఆడపడుచులు ఎందరో ఉన్నారు. వారిలో కొందరి కుర్చీలు ఇంకా భర్తల చేతుల్లోనే ఉన్నాయి. ఈ పుస్తకం ముందుగా వారి చేతికి చేరాలి. కొనగలవాళ్లు రెండు ప్రతులు కొని, ఒకటి మీ వార్డు సభ్యురాలికి ఇవ్వండి.