వేలానికి వచ్చిన పరపతి

గడువు తీరిన డొమైన్ పేర్లని వేలం వేసే సైట్లలో ఏ జాబితా తెరిచినా నాకు పెళ్ళిసంబంధాల ప్రకటనలే గుర్తొస్తాయి. పేరు, వయసు, బంధుబలగం ఎంత (అంటే ఎన్ని సైట్లు దానికి లింకులిచ్చాయి), గతంలో మచ్చలేమైనా ఉన్నాయా, పాట ఎంతదాకా వచ్చింది, ఇంకెన్ని గంటలుంది. అన్నిటికీ గళ్ళున్నాయి. ఆ చిరునామాలో ఇన్నేళ్ళూ ఎవరేం రాశారన్నదానికి మాత్రం గడి లేదు. సాహిత్యం చదువుకునేవాళ్ళకి ఈ జాబితాతో పనేంటి అంటారేమో. అక్కడ అమ్ముడుపోయే సరుకులో కొంత మన చేతి తయారీయే.

డొమైన్ పేరుని ‘కొన్నాం’ అంటాం గానీ అది అద్దె వ్యవహారం. ఏడాదికింత అని కట్టాలి, డాట్ కామ్ పేరుకైతే ఒక విడతలో పదేళ్ళకి మించి కట్టనివ్వరు. కట్టడం మానేస్తే ఏమవుతుందో ఐకాన్ అనే సంస్థ నియమాలు రాసిపెట్టింది. గడువు తీరాక రిజిస్ట్రార్, అంటే మనకి పేరు అమ్మిన కంపెనీ, దాన్ని 45 రోజులదాకా అట్టే పెట్టుకోవచ్చు. తొలగించాక పాత యజమాని అదనపు రుసుము కట్టి విడిపించుకోడానికి మరో 30 రోజులు. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ముట్టుకోవడానికి లేదు. ఆపైన ముందొచ్చినవాళ్ళది.

కాగితం మీద ధర్మంగానే ఉంది. కానీ గిరాకీ ఉన్న పేర్లు చాలావరకు ఆ చివరి రోజుదాకా రావు. మొదటి గడువు నడుస్తుండగానే పెద్ద రిజిస్ట్రార్లు వాటిని వేలానికి పెట్టేస్తాయి. పాత యజమాని ఈలోగా మేలుకుంటే పాట రద్దు చేసి, గెలిచినవాడి డబ్బు వెనక్కిస్తారు. మేలుకోకపోతే పేరు చేతులు మారుతుంది. ఆ పేరుకి ఏళ్ళ తరబడి విలువ తెచ్చినవాళ్ళకి మామూలుగా పైసా రాదు. తప్పించుకుని చివరిదాకా వచ్చిన పేరుని పట్టుకోడానికి వేరే కంపెనీలున్నాయి. పేరు విడుదలైన క్షణంలో అందరికన్నా ఎక్కువ వలలు వెయ్యాలని ఒక్కో కంపెనీ వందల రిజిస్ట్రార్ లైసెన్సులు పెట్టుకుంటుంది. ఒకే పేరుని నలుగురు కోరితే ఆ నలుగురి మధ్యా మళ్ళీ వేలం. పాట నిజాయితీగా సాగుతుందా అంటే, స్నాప్‌నేమ్స్ అనే వేలం సంస్థ 2009లో స్వయంగా ఒప్పుకుంది: తమ ఉద్యోగే మారుపేరుతో సొంత వేలాల్లో పాట పెంచుతూ వచ్చాడని.

యజమానికి ముందే చెప్పరా? చెప్తారు. గడువుకి ముందు రెండుసార్లు, తర్వాత ఒకసారి ఈమెయిల్ పంపాలి. తమాషా ఏంటంటే, ఆ ఈమెయిల్ చిరునామా అదే డొమైన్ మీద ఉంటే, పేరు ఆగిపోయాక అదీ ఆగిపోతుంది.

ఇంతకీ కొనేవాడు కొనేదేంటి? పొట్టి పేరో, నిఘంటువులోని మాటో అయితే ఆ మాటకే ధర. దాంతో నాకు పేచీ లేదు, ఎవరో కొత్త దుకాణం పెట్టుకుంటారు. పాత పత్రిక పేరుకొచ్చే ధర వేరే రకం. గూగుల్ తొలినాళ్ళ పేజ్‌ర్యాంక్ పద్ధతి, పరిశోధన పత్రాలు ఒకదాన్నొకటి ఉటంకించుకోవడాన్ని చూసి పుట్టింది. లింకు అంటే ఒక సిఫారసు. ఒక వ్యాసంలో నేను ‘ఈ కథ చదవండి’ అని లింకు ఇస్తే, నా మాటలో రవ్వంత ఆ పేరు ఖాతాలో జమవుతుంది. తెలుగులో దీనికి పరపతి అనే మంచి మాటుంది. పలుకుబడినీ అప్పునీ కూడా అదే మాటతో పిలుస్తాం. వేలంలో గెలిచినవాడు మనం ఒకరికిచ్చిన ఆ అప్పుని తను వాడుకుంటాడు, మనల్ని అడగకుండా.

ద హెయిర్‌పిన్ సంగతి చూడండి. 2010లో మొదలైన అమెరికన్ వెబ్ పత్రిక, ఆడవాళ్ళు తమకి తోచిన గొంతుతో, వెటకారంతో రాసుకున్న చోటు. 2018లో మూతపడింది. గడువు తీరిన ఆ పేరు సెర్బియాకి చెందిన ఒక డీజే చేతికెళ్ళింది. కృత్రిమ మేధ రాసిన పేజీలతో సైటు నిండింది. జనం బాగా చదివిన పాత వ్యాసాలు కొన్ని ఉంచారు, కానీ రాసినామెల పేర్లు తీసేసి మగవాళ్ళ పేర్లు పెట్టారని 2024లో వైర్డ్ బయటపెట్టింది. పుస్తకం దొంగిలించిన కథలు మనకి చాలా తెలుసు. ఇక్కడ అట్ట మీద పత్రిక పేరు అసలుదే. అందుకే దీన్ని నకిలీ అనడానికి కూడా నోరు సరిగ్గా తిరగదు. ఫిర్యాదు చేద్దామంటే, పేరు చట్టప్రకారం కొన్నాడుగా అనే జవాబు ఎదురుకావచ్చు.

మన దగ్గరకొస్తే, నా పాత సమీక్ష ఒకదాన్లో ఒక కవితకిచ్చిన లింకు ఇప్పుడు రమ్మీ సైటుకి పోతోంది. సమీక్షలో వాక్యం మాత్రం అలాగే ఉంది: ‘తప్పక చదవండి’ అని. చదివినవాళ్ళు నా అభిరుచి గురించి ఏమనుకుంటున్నారో!

2024 మార్చిలో గూగుల్ ఈ పద్ధతికి ‘గడువు తీరిన డొమైన్ల దుర్వినియోగం’ అని పేరు పెట్టి, తప్పుల జాబితాలో చేర్చింది. ఒకప్పటి ప్రాథమిక పాఠశాల సైటులో జూదం పేజీలు పెట్టడం వాళ్ళిచ్చిన ఉదాహరణల్లో ఒకటి. మంచిదే. కానీ గూగుల్ బాధ దాని వెతుకులాట ఫలితాలు పాడవుతాయని. చెరిగిపోయిన రచయిత పేరు దాని పద్దులో లేదు.

మన వెబ్ పత్రికలు చాలావరకు ఒకరి ఉత్సాహంతో, ఆ ఒకరి బ్యాంకు కార్డుతో నడిచేవే. ఉత్సాహం తగ్గడం తప్పేం కాదు, కార్డు గడువు తీరడం అసలే కాదు. పత్రిక ఆపేస్తున్న సంపాదకులని నేనడిగేది వీడ్కోలు సంపాదకీయం కాదు. పేరుకి పదేళ్ళ అద్దె ఒకేసారి కట్టెయ్యండి, డాట్ కామ్‌కి టోకు ధర ఏడాదికి పది డాలర్ల చిల్లర. ఖాతా తాళం ఇంకో ఇద్దరికివ్వండి, ఈమెయిల్ వేరే చోట పెట్టుకోండి. రాసేవాళ్ళం కూడా ‘ఇక్కడ చదవండి’ అని ఒక్క లింకుతో సరిపెట్టకుండా, రచయిత పేరు, పత్రిక పేరు, నెల, సంవత్సరం పక్కన రాయాలి. ఆ నాలుగూ ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత ప్రతిని వెతికి పట్టుకునే దారి ఒకటి మిగులుతుంది.